బోనులో ఏడువేల రోజులు

దుకాణంలో అమ్మే మనిషి బోర్గిల్డ్ మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఇరవై నిమిషాలు మాట్లాడాడు. ఆ మాటలన్నీ ఆమె పక్కన నిలబడిన గున్‌వోర్‌తోనే.

"ఈవిడ కంప్యూటర్‌తో ఏం చేస్తుంటారండీ?" అని అడిగాడు.

"ఈవిడ ఇక్కడే ఉంది," అంది బోర్గిల్డ్. "నోరు కూడా ఉంది."

అతను నవ్వేసి మళ్ళీ గున్‌వోర్ వైపే తిరిగాడు. అతనికీ యాభై దాటే ఉంటాయి, జుట్టు పల్చబడింది. "ఫొటోలు చూసుకోడానికీ, మనవలతో మాట్లాడుకోడానికీ అయితే ఈ టాబ్లెట్ చాలు. వేలితో తాకితే సరి. పెద్దవాళ్ళకి ఇదే హాయి."

"నాకు మనవలు లేరు," అంది బోర్గిల్డ్. "నాకున్నది మగ్గం."

"అదేం ఆట?" అన్నాడతను.

గున్‌వోర్‌కు చెవుల దాకా వేడెక్కింది. అతన్ని నాలుగు మాటలు అనాలనిపించింది. కానీ గున్‌వోర్ ఎవరినీ ఏమీ అనలేని మనిషి. దుకాణంలో చిల్లర తక్కువిచ్చినా, బస్సులో కాలు తొక్కినా, తనే క్షమాపణ చెప్పుకునే రకం. అందుకని ఆ కోపమంతా మింగి, "మాకు మామూలు కంప్యూటరే కావాలండీ, మగ్గం తగిలించడానికి వెనకాల వెడల్పు సాకెట్ ఉన్నది," అంది.

"అలాంటి సాకెట్‌లు వచ్చి ఎన్నేళ్ళయింది తల్లీ! ఇప్పుడెవరు చేస్తారు?"

చివరికి ఒక కొత్త కంప్యూటర్ కొనుక్కుని బయటపడ్డారు. కారెక్కాక బోర్గిల్డ్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, "చచ్చినవాళ్ళ గురించి మాట్లాడినట్టు మాట్లాడాడు నా గురించి. నేను వినడం లేదనుకున్నాడు కాబోలు," అంది. అతను వినలేని ఆ కారులో గున్‌వోర్ ఇంటిదాకా అతన్ని తిట్టింది.

బోర్గిల్డ్‌కు ఎనభై ఆరు. గున్‌వోర్ ఆమె కంటే పదహారేళ్ళు చిన్నది. నార్వే పడమటి తీరంలో ఒక చిన్న ఊళ్ళో, ఒకే మూడంతస్తుల భవనంలో, ఒకే మెట్ల వరుస మీద ఇద్దరూ ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నారు. బోర్గిల్డ్ మూడో అంతస్తు, గున్‌వోర్ ఒకటో అంతస్తు. పూర్వం అవతలి ఒడ్డుకు ఓడ తిరిగే రోజుల్లో బోర్గిల్డ్ రేవు దగ్గర టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునేది. సముద్రం అడుగున సొరంగం తవ్వాక ఓడ ఆగిపోయింది. రేవు ఆఫీసు మూసేసినప్పుడు, ఏ రోజు ఏ ఓడ కదిలింది, ఏది కదల్లేదు అని రాసిన పుస్తకాలన్నిటినీ కాల్చేశారు. అలా కాలుస్తారని బోర్గిల్డ్ ముందే పసిగట్టింది. ఆఖరి రెండు చలికాలాలూ రోజూ పని అయ్యాక కూర్చుని, ఇరవై ఏళ్ళ లెక్కంతా తన కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఏడువేల మూడువందల అయిదు రోజులు. రోజుకు ఎనిమిది ప్రయాణాలు.

రేవులో ప్రయాణికులు ఎదురుచూసే గదిని ఇప్పుడు ఊరివాళ్ళు గ్రంథాలయంగా మారుస్తున్నారు. ఆ గది గోడకు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వేలాడేలా బోర్గిల్డ్ ఒక గుడ్డ నేస్తోంది. రోజుకొక వరుస, మధ్యమధ్య బిగువు కోసం సాదా వరుసలు. వేళకు కదిలిన ఓడకు పడుగు దారాలు పైకి లేస్తాయి. ఆలస్యమైన దానికీ, తుఫానుకు ఆగిపోయిన దానికీ కిందే ఉంటాయి. ఏ దారాలు లేవాలో మగ్గానికి చెప్పేది ఆ పాత కంప్యూటరే. అయిదువేల రోజులు నేయడం అయిపోయింది. మిగతా రెండువేల చిల్లర రోజులు ఆ పెట్టెలోనే ఉన్నాయి, ఈ భూమ్మీద ఇంకెక్కడా లేవు.

ఆ పెట్టె చూడబోతే ఆఖరి దశలో ఉంది. మీట నొక్కితే ముసలి కుక్కలా మూలిగేది. ఒకసారి నల్లటి తెర, ఒకసారి నీలం తెర. పక్కన అరచేత్తో చరిస్తేగానీ లేచేది కాదు. కిందటి గురువారం నాలుగుసార్లు చరిస్తే లేచింది.

ఊరి చివర టోర్‌మోడ్ అని ఒకాయన ఉన్నాడు. పూర్వం సరుకు ఓడల్లో రేడియో పని చూసేవాడు, ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. గున్‌వోర్ ఫోన్ చేస్తే, "ఊపిరి ఉండగానే తీసుకురండి. లోపలి డిస్క్ బతికుంటే చాలు, అందులోది కొత్తదానిలోకి తోడిపోస్తాను," అన్నాడు.

"సోమవారం తీసుకెళదాం," అంది బోర్గిల్డ్. "నా చేతులతో నేనే పట్టుకుంటాను. నేను లేకుండా అది గడప దాటడానికి వీల్లేదు. విన్నావా?"

"విన్నానక్కా," అంది గున్‌వోర్.

వినడమైతే వింది. కానీ ఆ శుక్రవారం ఆమెకు నిద్ర పట్టలేదు. సోమవారం దాకా అది బతక్కపోతే? అక్క పొద్దున్నే లేచి అలవాటుగా మీట నొక్కితే, అదే ఆఖరిసారి అయితే? గున్‌వోర్ అంతే, రాబోయే నష్టానికి ముందే ఏడ్చి పెట్టుకునే మనిషి.

మర్నాడు శనివారం, భవనంలో వసంతపు శ్రమదానం. ఏటా మే నెలలో ఒకరోజు అన్ని ఇళ్ళవాళ్ళూ కిందికి దిగుతారు. ఆకులు ఊడ్వాలి, బెంచీలకు రంగు వేయాలి, పనికిరాని సామానంతా అద్దెకు తెచ్చిన పెద్ద ఇనుప తొట్టిలో పారేయాలి. కరెంటు సామాన్ల కోసం పక్కన వేరే ఇనుప తీగెల బోను ఉంటుంది. రానివాళ్ళను ఎవరూ ఒక్క మాటైనా అనరు, కానీ ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. బోర్గిల్డ్ పదిగంటలకే దిగి, వాఫిల్స్ అనే గళ్ళ అట్లు పోసే బల్ల దగ్గర కూర్చుని పిండి కలుపుతోంది.

గున్‌వోర్ దగ్గర ఆమె ఇంటి తాళంచెవి ఒకటి ఉంది. ఆ చెవితో తలుపు తీసి, వైర్లు ఊడదీసి, పెట్టెను రెండు చేతులతో పొదివి పట్టుకుని మెట్లు దిగింది. అరగంటలో టోర్‌మోడ్‌కు అప్పగించి రావచ్చు. అక్కకు సాయంత్రం చెప్పొచ్చు, అంతా సవ్యంగా జరిగాకే చెప్పొచ్చు.

రెండో అంతస్తు మలుపులో ఆగింది. తలుపుకు తాళం వేశానా? వేసినట్టే గుర్తు. అయినా పెట్టెను మలుపులో కిటికీ కింద దింపి, పైకెళ్ళి చూసింది. వేసే ఉంది. నాలుగు మెట్లు దిగాక ఇంకో అనుమానం, తీసిన వైర్లు గోడకు తగిలించే ఉన్నాయేమోనని. మళ్ళీ ఎక్కి, తలుపు తీసి, చూసి, తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి దిగింది.

మలుపు ఖాళీగా ఉంది.

కిందికి పరిగెత్తి, మెట్లు తుడుస్తున్న వాళ్ళనడిగింది, "ఇక్కడో పెట్టె ఉండాలి, ఎవరు తీశారు?"

"మెట్ల మీద ఉన్నవన్నీ తీసేశాం," అన్నారు నవ్వుతూ.

"ఎవరు తీశారు?"

"అందరం కలిసి తీశామండీ!"

అదీ శ్రమదానం గొప్పతనం. ఏ పనీ ఎవరిదీ కాదు, అందరిదీ. మంచిపని చేసినప్పుడు అది అందంగానే ఉంటుంది. కానీ అప్పుడు గున్‌వోర్ ఒక్కొక్క మొహంలోకీ చూస్తూ, ఒక్క మనిషైనా దొరక్కపోతాడా అని వెతికింది. రేకుపార పట్టుకున్నవాళ్ళూ, చీపురు పట్టుకున్నవాళ్ళూ అందరూ ఒకేలా, ఎంతో మంచిగా నవ్వుతున్నారు.

బోను దగ్గరికి వెళ్ళింది. మూడో వరుసలో, ఒక రొట్టెలు కాల్చే మిషను కింద, పక్కకు ఒరిగి ఉంది బోర్గిల్డ్ పెట్టె. దానిమీదికి ఎవరిదో కాఫీ మిషన్లోంచి నల్లటి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతున్నాయి. బోనుకు తాళం పడిపోయింది.

తాళం వేసింది భవన సంఘం అధ్యక్షుడు అర్న్‌ఫిన్. యాభై ఎనిమిదేళ్ళవాడు, చేతిలో ఎప్పుడూ అట్టకు బిగించిన కాగితాలుంటాయి. "తాళంచెవి నా దగ్గర లేదు గున్‌వోర్," అన్నాడు. "బోను నిండాక తాళం నొక్కేయడమే. తీసేది సామాన్లు పట్టుకెళ్ళే కంపెనీవాళ్ళు. సోమవారం వస్తారు."

"కానీ అది పొరపాటున పడింది. అది బోర్గిల్డ్‌ది."

"పాత కంప్యూటర్లలో జనం సొంత విషయాలుంటాయి కదా. ఎవరూ ఎత్తుకుపోకుండా పెట్టిన ఏర్పాటు అది. ఒకసారి లోపలికి వెళ్తే బయటికి రాకూడదు. రూలు."

"మెట్ల మీది సామాను అడక్కుండా ఎత్తేయమని ఎక్కడుంది రూలు?" అంది గున్‌వోర్.

అర్న్‌ఫిన్ కాగితాలు తిప్పాడు. "మార్చి నెల సమావేశం. తీర్మానం నాలుగు. శ్రమదానం రోజున మెట్ల మీద కనిపించిన ప్రతి వస్తువునూ హెచ్చరిక లేకుండా తీసేయవచ్చును. ప్రతిపాదించినవారు..." అని ఆగి, కళ్ళజోడు పైనుంచి చూశాడు. "నువ్వే."

నిజమే. చలికాలంలో మెట్ల మీద ఎవరో వదిలేసిన, మంచు మీద జారే పలకల జోడు తట్టుకుని పడ్డాక, భయంతో తనే లేచి అడిగింది. జీవితంలో ఒకే ఒక్కసారి సమావేశంలో నోరు తెరిచింది. ఆ ఒక్కసారీ ఇలా అయింది.

ఈలోగా ఎవరు చెప్పారో, వాఫిల్ బల్ల దగ్గర్నుంచి బోర్గిల్డ్ వచ్చింది. చేతులకు పిండి అంటుకునే ఉంది. బోను దగ్గర నిలబడి తీగెల్లోంచి చూసింది. తన పెట్టెను చూసింది. తర్వాత గున్‌వోర్‌ను చూసింది.

"నువ్వా?"

"అక్కా, సోమవారం దాకా ఆగుతుందో లేదోనని..."

"ఆ తాళంచెవి నీకెందుకిచ్చాను?"

గున్‌వోర్ చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయింది.

"నేను పడిపోతే తలుపు తీయడానికి. నేను లేని వేళ చూసి నా ఇంట్లోంచి ఎత్తుకుపోవడానికి కాదు. ఆ దుకాణంవాడు నా మొహం చూడలేదని కారులో నువ్వూ మండిపడ్డావే! వాడికీ నీకూ ఏంటే తేడా? వాడికి నేను తెలియదు. నీకు తెలుసు."

ఆ మాట గున్‌వోర్‌కు చెంప మీద కొట్టినట్టు తగిలింది. కొట్టినా బాగుండేది. ఇరవై రెండేళ్ళలో ఆ గొంతు తనవైపు అలా తిరగడం ఎన్నడూ లేదు. ఇక్కడితో అయిపోయిందా, ఎప్పుడో ఊరు వదిలిన చెల్లెలిలాగే ఈ అక్క కూడా వెళ్ళిపోయినట్టేనా, మెట్ల మీద రోజూ ఎదురుపడుతూనే, అనుకుంది.

బోర్గిల్డ్ అర్న్‌ఫిన్ వైపు తిరిగింది. "తెరువు."

"తెరవలేనండీ. మీ రక్షణ కోసమే ఇదంతా. మీ సొంత సమాచారం ఎవరి చేతిలోనూ..."

"నా చేతిలో కూడా పడకూడదా?"

"రూలు అలా ఉందండీ."

"నావాటిని నా నుంచే కాపాడుతున్నావన్నమాట! ఒరే అర్న్‌ఫిన్, మీ అమ్మ నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు ప్రతిసారీ ఓడెక్కక ముందే నా కిటికీ కింద వాంతి చేసుకునేవాడివి. నేనే కడిగేదాన్ని. అప్పుడు ఏ రూలూ అడగలేదు నేను."

చుట్టూ మూగినవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. అర్న్‌ఫిన్ మొహం ఎర్రబడింది. కంపెనీకి ఫోన్ చేశాడు, నిజంగానే చేశాడు పాపం. మీ పిలుపు మాకు ముఖ్యం అంది యంత్రం. సోమవారం ఎనిమిదికి చేయమంది.

పడమటి నుంచి మబ్బు కమ్మింది. ఆ ఊళ్ళో ఆ మబ్బు వస్తే వాన ఎంతసేపట్లో పడుతుందో పసిపిల్లలకూ తెలుసు. బోర్గిల్డ్ మడత కుర్చీ తెప్పించుకుని బోనుకు ఆనుకుని కూర్చుంది. వానకోటు విప్పి బోను మీద కప్పింది. అది మూల కూడా కప్పలేదు.

"అక్కా, తడుస్తావు," అంది గున్‌వోర్.

"తడవనీ. సోమవారం దాకా ఇక్కడే ఉంటాను. నన్ను కూడా పట్టుకెళ్ళమను, పాత సామానే కదా."

జనం నిలబడి చూస్తున్నారు. ఒకామె కాఫీ తెచ్చిచ్చింది. ఒకాయన గొడుగు పట్టాడు. పాపం, పాపం అన్నారు. ఎంత మంచివాళ్ళో! ఏడువేల రోజులు తడిసిపోతుంటే గొడుగు పట్టుకుని నిలబడేంత మంచివాళ్ళు. గున్‌వోర్ వాళ్ళందరినీ చూసింది. తీర్మానం నాలుగుకు చేతులెత్తింది వీళ్ళే. మెట్లు ఖాళీ చేసింది వీళ్ళే. ఇప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి చేస్తారని ఎదురుచూస్తున్నదీ వీళ్ళే. వాళ్ళలో తనూ ఒకతె.

వాన మొదలయ్యేసరికి ఆమె పనిముట్ల గదిలో ఉంది. కంచె తీగెలు కత్తిరించే పొడుగు పిడుల కత్తెర గోడకు వేలాడుతోంది. దాన్ని తీసేముందు పక్కనున్న పుస్తకంలో పేరూ, వేళా రాసి సంతకం పెట్టింది. రూలు అది.

"గున్‌వోర్!" అన్నాడు అర్న్‌ఫిన్. "అది కంపెనీ ఆస్తి. ఆలోచించుకో."

"డెబ్భై ఏళ్ళు ఆలోచిస్తూనే ఉన్నాను," అంది గున్‌వోర్. "దాంతోనే ఇక్కడిదాకా వచ్చింది."

ఎర్రలైటు వెలిగితే ఖాళీ రోడ్డు మీద కూడా ఆగే మనిషి ఆమె. తాళం కొక్కేనికి కత్తెర నోరు తగిలించి బిగించింది. తెగలేదు. ఇంకోసారి బిగించింది. చేతులు చాల్లేదు. తల తిప్పి వెనక్కి చూసి, "అందరం కలిసి చేస్తామంటారుగా! రండి, ఒక పిడి పట్టుకోండి!" అని అరిచింది. తను అరవగలదని ఆమెకే తెలియదు.

ఎవరూ కదల్లేదు. కాసేపటికి కుర్చీ కిర్రుమంది. బోర్గిల్డ్ లేచి వచ్చి, పిండి చేతులతోనే రెండో పిడి పట్టుకుంది.

"నీ మీద కోపం తగ్గిందనుకోకు," అంది.

"అనుకోవడం లేదక్కా."

టక్కున తెగింది.

పెట్టె మాత్రం మళ్ళీ లేవలేదు. టోర్‌మోడ్ ఇంట్లో మధ్యాహ్నమంతా బోర్గిల్డ్ పక్కనే కూర్చుని చూస్తుండగా, అతను మూత విప్పి డిస్క్ బయటికి తీసి, దూది పెట్టి కాఫీ మరకలు తుడిచి, కొత్తదానికి తగిలించాడు. ప్రతి పనికీ ముందు ఆమెనే అడిగాడు, "ఇది విప్పనా? ఇది తీయనా?" అని. అడిగినప్పుడల్లా గున్‌వోర్ తల ఇంకొంచెం దించుకుంది. ఆరుగంటల వేళ తెర మీద అంకెలు వరసగా దిగాయి. మధ్యలో పదకొండు రోజులు చెడిపోయాయి. మిగతావన్నీ ఉన్నాయి.

అర్న్‌ఫిన్ తాళం ఖరీదుకు కాగితం పంపాడు. గున్‌వోర్ అదే రోజు కట్టేసింది, తీర్మానం నాలుగు కొట్టేయాలని వచ్చే సమావేశానికి ఉత్తరం కూడా రాసింది. రెండు పేజీలు. అందులో ఎక్కడా క్షమించండి అన్న మాట లేదు. అది చదివి బోర్గిల్డ్ ఒకచోట కామా పెట్టింది, అంతే.

కొత్త కంప్యూటర్ మగ్గంతో మాట్లాడలేదు. సాకెట్ కలవలేదు, మధ్యలో పెట్టిన ముక్క పనిచేయలేదు. టోర్‌మోడ్ మూడుసార్లు వచ్చి మూడుసార్లూ తిట్టుకుంటూ వెళ్ళాడు. చివరికి బోర్గిల్డ్ మగ్గం మీది డబ్బా మూత తీసేసి, దారాలను లేపే ఎనిమిది కొక్కేలనూ, ప్రయాణానికొకటి చొప్పున, చేత్తోనే తోయడం మొదలుపెట్టింది. కానీ తెర చూస్తూ కొక్కేలు తోయడం ఒక్క మనిషి వల్ల కాదు.

"రేపు తొమ్మిదికి రా," అంది మెట్ల మీద, మొహం చూడకుండా. "తలుపు కొట్టి రా. తాళంచెవితో కాదు."

అప్పట్నుంచీ గున్‌వోర్ రోజూ తలుపు కొడుతుంది. కుర్చీలో కూర్చుని తెర మీదివి చదువుతుంది. బోర్గిల్డ్ కొక్కేలు తోసి, దారం చుట్టిన నాడె విసిరి, పేక బిగించి, ఊఁ అంటుంది. రోజుకు వంద వరుసలు. మొదటి వారం ఊఁ తప్ప ఇంకో మాట లేదు. రెండో వారం, "ఆ ఏడుపుగొంతుతో చదవకు, వార్తలు చదువు" అంది. చెడిపోయిన పదకొండు రోజుల దగ్గరికి వచ్చినప్పుడు, పదకొండు సాదా వరుసలు నేసింది. గుర్తున్నవి పెట్టొచ్చు కదా అక్కా అంటే, "గుర్తున్నది వేరు, జరిగింది వేరు" అంది.

జూన్ చివర్లో ఒక పొద్దున గున్‌వోర్ చదువుతోంది. "అక్టోబరు పద్నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు వేళకు వెళ్ళాయి. అయిదు..."

ఆ అయిదో ఓడలోనే గున్‌వోర్ చెల్లెలు మోల్‌ఫ్రిడ్ ఊరు వదిలి వెళ్ళింది. ఓడ నలభై నిమిషాలు ఆలస్యం. ఆ నలభై నిమిషాలూ ఆ ఇద్దరూ రేవు గదిలో బెంచీ మీద కూర్చుని, ఫ్లాస్కు ఎవరు మర్చిపోయారని పోట్లాడుకున్నారు. ఆ తర్వాత మళ్ళీ కలవలేదు.

"అయిదు ఆలస్యం," అంది గున్‌వోర్, వినీ వినపడనట్టు.

బోర్గిల్డ్ చెయ్యి కొక్కెం మీద ఆగింది. "ఏంటీ?"

"అయిదు ఆలస్యం అక్కా."

"అయితే గట్టిగా చెప్పు. నాకు వినపడక పైకి తోసేశాననుకో, అది వేళకే వెళ్ళిపోయినట్టవుతుంది."

గున్‌వోర్ గొంతు సవరించుకుంది. "అయిదు ఆలస్యం," అంది గట్టిగా, పక్కింటికి కూడా వినపడేలా. అయిదో కొక్కెం కిందే ఉండిపోయింది. నాడె ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చింది.

"ఊఁ," అంది బోర్గిల్డ్. "ఆరు?"